పలక వెనక మేవిస్

ఆ బుధవారం ఉదయానికి క్లారీ బెక్విత్ పెట్టుకున్న పనులు మూడే మూడు. గడ్డం గీసుకోవాలి. బండిలోంచి మేవిస్‌ను దింపాలి. తొమ్మిదింటికల్లా మెరిండా ఊళ్ళో ఉండి డ్రైవింగ్ పరీక్ష పాసవ్వాలి.

మొదటి పని ఆరున్నరకల్లా అయిపోయింది, చుబుకం మీద చిన్న గాటుతో.

క్లారీకి ఎనభై అయిదేళ్ళు. ఆ వయసు వచ్చినవాడు లైసెన్సు నిలుపుకోవాలంటే అధికారిని పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి చూపించాలి. క్లారీ భయమంతా గురువారాల గురించి. ప్రతి గురువారం చర్చి హాలు వంటింట్లో తయారైన భోజనం పెట్టెలను తన పాత పికప్ బండిలో వేసుకుని, చుట్టుపక్కల పొలాల్లో ఒంటరిగా ఉంటున్న ముసలివాళ్ళకు ఇచ్చి వస్తాడు. ఆరేళ్ళుగా ఒక్క వారం తప్పలేదు. ఆ ముసలివాళ్ళలో సగం మంది అతనికన్నా పదేళ్ళు చిన్నవాళ్ళు. వాళ్ళను అతను "పాపం, పెద్దవాళ్ళు" అంటాడు. లైసెన్సు పోయిందా, భోజనం పంచేవాడు కాస్తా పుచ్చుకునేవాడవుతాడు. ఒక పెట్టె మీద అతని పేరుతో చీటీ అంటిస్తారు. ఆ చీటీ కలలోకి వచ్చి మూడు వారాలుగా అతన్ని నిద్రపోనివ్వడం లేదు.

భోజనాల సంగతిలో అతన్ని వేధించేది ఒక్కటే. ఏ గడప తొక్కినా ఒకటే ఫిర్యాదు, కస్టర్డ్‌లో ఉండలున్నాయని. క్లారీ జవాబు కూడా ఒకటే. "అది మా అత్తగారు నేర్పిన పద్ధతమ్మా. అందులో ఉండలుండవు. ముందు నీ పళ్ళసెట్టు బాగు చేయించుకో."

తను ఏనాడూ ఆ కస్టర్డ్ నోట్లో పెట్టుకోలేదు. పంచేవాడికి ఆ అవసరం రాదు.

ఇక రెండో పని. మేవిస్ ఒక సాలీడు. అరచెయ్యంత హంట్స్‌మన్. ఆ జాతి వల కట్టి, ఈగ ఎప్పుడొస్తుందా అని ఎదురు చూడదు. పరిగెత్తి పట్టుకుంటుంది. చెట్టు బెరడు సందుల్లో ఉండటానికి పుట్టిన ఒళ్ళు, అట్టముక్కలా పలచగా ఉంటుంది. బండి ముందద్దం పైన, ఎండ పడకుండా దించుకునే పలక వెనక ఉన్న సందు దాని లెక్కలో మేలురకం బెరడు. చూస్తే గుండె జారుతుంది కానీ మనిషికి దానివల్ల హాని లేదు. బొద్దింకల్ని మాత్రం మిగల్చదు.

క్లారీ ఇంట్లో సాలీళ్ళకు ఎవరి చోటు వాళ్ళకుంది. వరండా స్తంభాల మధ్య బంగారు రంగు పట్టుతో వల అల్లేది ఒకటి. వంటింటి కిటికీలో, తల తిప్పి మనిషి ముఖంలోకి చూసే బఠాణీగింజంత దూకుడు సాలీడు ఒకటి. ఉత్తరాల డబ్బా కింద విషమున్న ఎర్రచార సాలీడు. దానితో మాత్రం మాటల్లేవు, చేతికి తొడుగు లేకుండా ఉత్తరం తియ్యడు. భార్య బెరిల్ పెట్టిన నియమం అది. ఎవరి జోలికీ పోకూడదు, ఎవర్నీ చంపకూడదు. బెరిల్ పోయి ఆరేళ్ళయింది. నియమం పోలేదు.

ఆ పలక వెనక చేరే ప్రతి సాలీడుకీ మేవిస్ అనే పేరు. అది బెరిల్ తల్లి పేరు. "పైన కూర్చుని ఎనిమిది కళ్ళతో నా డ్రైవింగ్ చూస్తుంది, అచ్చం మీ అమ్మే. కాకపోతే నోరెత్తదు," అని క్లారీ ఒకసారి అంటే బెరిల్ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ పేరు మొగుడూ పెళ్ళాల మధ్యే ఉండిపోయింది. ఉండక తప్పదు. మెరిండాలో మేవిస్ అంటే దేవతతో సమానం. చర్చి హాలు వంటింట్లో, పొయ్యికి ఎదురుగా ఆవిడ ఫోటో వేలాడుతోంది. వంటిల్లు నడిపే డల్సీ ఫారెంట్ ఆ ఫోటోకి నమస్కారం పెట్టకుండా గరిటె పట్టదు. వంట నేర్పింది ఆవిడే మరి.

క్లారీ ఐస్‌క్రీం డబ్బా, అట్టముక్క పట్టుకుని బండెక్కాడు. పద్ధతి పాతదే. డబ్బా బోర్లించి, కింద నుంచి అట్ట దూర్చి, తీసుకెళ్ళి చెట్టు మొదట్లో వదలడం. పలక మెల్లగా దించి చూశాడు. చేతిలో డబ్బా చేతిలోనే ఆగిపోయింది.

పలక గుడ్డకు అతుక్కుని కాగితంలాంటి తెల్లటి సంచి ఉంది. దాని మీద మేవిస్ ఎనిమిది కాళ్ళూ పరిచి బోర్లా పడుకుని ఉంది. డబ్బా దగ్గరకు రాగానే ముందు కాళ్ళు రెండూ పైకెత్తింది. గుడ్ల మీద కూర్చున్న తల్లి వారాల తరబడి తిండి ముట్టదు, చోటు వదలదు. బలవంతంగా తీస్తే సంచి చిరిగిపోతుంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. చేతులు ఖాళీ లేక మోచేత్తో నొక్కాడు. మోత ఆగింది. పీడా వదిలిందనుకున్నాడు. ఫోన్ ఎత్తింది తనేనని తెలీదు.

"మేవిస్, నా మాట విను," అన్నాడు బతిమాలుతూ. "ఒక్క పూట పక్కకి జరుగు. తొమ్మిదింటికి ఒకాయన వచ్చి సరిగ్గా నీ కిందే కూర్చుంటాడు. ఏంటి, కోపమా? నిండు నెలల మనిషివి, నిన్ను బయటికి గెంటుతానా చెప్పు! గెంటితే బెరిల్ నన్ను బతకనిస్తుందా? ఎంతమందే లోపల? నూటయాభై మంది ఉంటారా? సరే, తల్లీపిల్లలు అంతా ఇక్కడే ఉండండి. కానీ కిక్కురుమనకూడదు. తెలిసిందా?"

"క్లారీ!" అంది సీటు మీది ఫోన్.

క్లారీ తల పైకప్పుకి కొట్టుకుంది.

"క్లారీ, నేను, డల్సీని. పరీక్ష బాగా చెయ్యమని చెబుదామని చేశాను. ఎవరితోనయ్యా మాట్లాడుతున్నావు?"

"ఎవరితోనూ లేదమ్మాయ్." డల్సీకి డెబ్బై ఒకటి. క్లారీకి ఆమె ఇప్పటికీ అమ్మాయే.

"మేవిస్ అన్నావు."

ఇక్కడ క్లారీకి రెండు దారులున్నాయి. నిజం చెబితే, దేవత పేరు పురుగుకి పెట్టిన పాపానికి డల్సీ జన్మలో క్షమించదు. అబద్ధం చెబితే ఈ పూట గడుస్తుంది.

"ప్రార్థన చేసుకుంటున్నాలే. పరీక్ష కదా, ఆవిడ గుర్తొచ్చింది."

"నిండు నెలలన్నావు!"

"అది... ఒక రకంగా అన్నమాట."

"నూటయాభై మంది పిల్లలన్నావు. ఆవిడకి బెరిల్ ఒక్కతే కదయ్యా!"

"సంఘంలో పిల్లలంతా ఆవిడ పిల్లలే కదమ్మా," అన్నాడు క్లారీ. ఎనభై అయిదేళ్ళలో ఇంత చక్కటి అబద్ధం ఆడలేదనిపించింది. "ఇక్కడ సిగ్నల్ సరిగ్గా లేదు. ఉంటా."

అవతల డల్సీ చాలాసేపు కదలకుండా నిలబడిపోయిందని, అప్పుడామె చేతిలో ఉన్నది కస్టర్డ్ గరిటె అని క్లారీకి తర్వాత తెలిసింది. ఆమె మంచి మనిషి. మంచివాళ్ళు చేసే నష్టానికి హద్దుండదు. ఎనిమిదిన్నరకు పరీక్షల కార్యాలయం తెరవగానే ఫోన్ చేసి, పెద్దాయనకి ముప్పై ఏళ్ళ క్రితం పోయిన అత్తగారు బండిలో కనిపిస్తోందని, ఆవిడ గర్భవతి కూడానని, కాస్త జాగ్రత్తగా చూడమని కన్నీళ్ళతో చెప్పింది. తర్వాత ఒక చీటీ మీద "క్లారీ బెక్విత్" అని గుండ్రంగా రాసి కొత్త భోజనం పెట్టెకు అంటించింది. వాళ్ళంతట వాళ్ళు అడగలేరు, మనమే కనిపెట్టి పెట్టాలి అనుకుంది.

ఈలోగా క్లారీ తన ఏర్పాట్లలో ఉన్నాడు. పలకను పైకి మడిచి రెండు రబ్బరు బ్యాండ్లు తొడిగాడు. వాటికి "దయచేసి దించవద్దు" అని రాసిన కాగితం గుచ్చాడు. మరి ఎండ సంగతి? లోపలికెళ్ళి బెరిల్ తోటపని టోపీ తెచ్చి పక్క సీట్లో పెట్టాడు. గొడుగంత గడ్డిటోపీ, అంచున ప్లాస్టిక్ చెర్రీ పళ్ళ గుత్తితో.

పరీక్షాధికారి వార్విక్ టల్లీ నలభై ఏళ్ళవాడు, పట్నం నుంచి నెలకోసారి వస్తాడు. ఎనభై దాటినవాళ్ళను చూసి అతను నవ్వగా చూసినవాళ్ళు మెరిండాలో లేరు. ఆ రోజు మాత్రం నవ్వాడు. ఆసుపత్రిలో మంచం పక్కన నవ్వే నవ్వు.

"రండి మిస్టర్ బెక్విత్. కులాసాగా ఉన్నారా? రాత్రి నిద్ర పట్టిందా?"

"పట్టింది బాబూ."

వార్విక్ సీట్లో కూర్చుని పైకి చూశాడు. రబ్బరు బ్యాండ్లు చూశాడు. కాగితం చదివాడు. ఒళ్ళోని, కాగితాలు బిగించిన అట్ట మీద ఏదో రాసుకున్నాడు.

"బయల్దేరే ముందు రెండు మూడు మామూలు ప్రశ్నలు. ఇవాళ ఏం వారం?"

"బుధవారం. మీకూ బుధవారమేగా?"

"మేవిస్ ఎవరు?"

తాళంచెవి మీద క్లారీ చెయ్యి బిగుసుకుంది. డల్సీ! అధికారి ముందు అబద్ధమాడితే పరీక్ష అక్కడితో సరి. ఆడకుండా ఎంతవరకు లాగొచ్చో అంతవరకు లాగుదామనుకున్నాడు.

"మా అత్తగారు."

"ఎక్కడుంటారు?"

"కొండ మీద, శ్మశానంలో. ముప్పై ఒక్క ఏళ్ళయింది."

వార్విక్ ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే ఆవిడతో మాట్లాడటం లాంటిదేమీ లేదు."

"నేను మాట్లాడతానండి," అన్నాడు క్లారీ నిజాయితీగా. "ఆవిడే మాట్లాడదు."

అట్ట మీద కలం చాలాసేపు కదిలింది.

బండి బయల్దేరింది. నిజం చెప్పాలంటే క్లారీ ఆ రోజు నడిపినంత బాగా జీవితంలో ఎన్నడూ నడపలేదు. కూడలిలో పూర్తిగా ఆగాడు. బడి ముందు నడక వేగానికి తగ్గాడు. ప్రతి మలుపుకీ ముందే ఇండికేటర్ వేశాడు. వార్విక్ మొహంలో జాలి పెరిగింది. చేతులింత బాగా పనిచేస్తున్నాయి, పాపం, తలే! అన్నట్టు చూస్తున్నాడు.

ఊరు దాటాక రోడ్డు తూర్పుకి తిరిగి గుట్ట ఎక్కుతుంది. మలుపు తిరగ్గానే ఎండ సూటిగా కళ్ళలో పడింది. వార్విక్ చెయ్యి పలక మీదికి వెళ్ళింది.

"టోపీ!" అని అరిచాడు క్లారీ. "టోపీ పెట్టుకోండి బాబూ. మీకోసమే తెచ్చాను."

వార్విక్ టోపీ వంక, చెర్రీ పళ్ళ వంక చూశాడు. పిచ్చివాళ్ళతో వాదించకూడదని ఎక్కడో చదివాడు కాబోలు, బుద్ధిగా తలకు పెట్టుకున్నాడు. చెర్రీ గుత్తి చెవి మీద ఊగింది.

"మిస్టర్ బెక్విత్," అన్నాడు మెత్తగా. "ఈ పలక వెనక ఏముంది?"

"చెబితే మీరు నమ్మరు."

"చెప్పండి, ఫర్వాలేదు."

క్లారీ రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. "మేవిస్."

వార్విక్ ఒక వాక్యం రాసి, దాని కింద గీత గీసి, కలం జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష ముగిసిందని క్లారీకి అర్థమైంది. అతని ఆరేళ్ళ గురువారాలూ ఆ గీత కింద పడుకున్నాయి.

"నాకూ నాన్న ఉన్నాడండీ," అన్నాడు వార్విక్. "ఆయనకీ ఇలాగే... మనం భయపడకూడదు. కళ్ళారా చూస్తే భ్రమ పోతుంది. ఇదిగో, నేనే చూపిస్తాను. ఇక్కడ ఎవరూ లేరు."

"వద్దు బాబూ, పిల్లలు..."

ఒక రబ్బరు బ్యాండు టప్పుమంది. రెండోదీ టప్పుమంది. పలక దిగింది.

ఆ ఉదయం ఎప్పుడో మేవిస్ తన కోరలతో సంచి చింపింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు వాటంతట అవి బయటపడలేవు, తల్లే దారి చెయ్యాలి. చేసింది. నూటయాభై మందీ, కాళ్ళొచ్చిన సగ్గుబియ్యంలా, ఒక్కసారిగా వార్విక్ టోపీ మీద, భుజాల మీద, అట్ట మీద ఒలికారు. ఆ వెనక, ఏమాత్రం తొందర లేకుండా, తల్లి దిగింది.

వార్విక్ గొంతులోంచి టీ కెటిల్ ఈల లాంటి శబ్దం వచ్చింది. సీటు బెల్టు ఊడదీశాడు. కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. అద్దం దించి, చెర్రీ టోపీతో సహా నడుం దాకా కిటికీలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

మేవిస్ ముందద్దం మీదుగా అడ్డంగా పరిగెత్తి క్లారీ ముంజేతి మీదికి దూకింది. అక్కణ్ణుంచి చొక్కా మీద పాకి భుజాన కూర్చుంది.

"కాసేపు ఓపిక పట్టు మేవిస్. పరీక్షలో ఉన్నాను," అన్నాడు క్లారీ.

అద్దంలో వెనక చూశాడు. ఎడమ ఇండికేటర్ వేశాడు. మెడ తిప్పి పక్క చూశాడు. వేగం తగ్గించి, రోడ్డు పక్కన మట్టి మీదికి బండిని పాలమీద మీగడ చెదరనంత మెల్లగా దింపి ఆపాడు. హ్యాండ్‌బ్రేకు వేసి, ప్రమాద దీపాలు వెలిగించాడు.

ఆపిన చోటికి ఇరవై అడుగుల్లో పోలీసు కారుంది. వచ్చేపోయే బండ్లను ఆపి, తాగారేమో గొట్టంలో ఊదించి చూస్తున్న కానిస్టేబుల్ టేగన్ తలెత్తింది. ఆమె అమ్మమ్మకు గురువారం భోజనం ఇచ్చేది క్లారీయే.

"ఏం తాతా, ఏమైంది? ఆయనెవరు?"

వార్విక్ అప్పటికి కిటికీలోంచే నేల మీదికి దిగి, టోపీని కాళ్ళ కింద వేసి, ఎవరూ నేర్పని నృత్యమొకటి చేస్తున్నాడు.

టేగన్ అతన్ని అడ్డగించి గొట్టం చూపించింది. "సార్, ఇందులో ఊదండి."

"నేను పరీక్షాధికారిని!"

"అయితే ఇంకా గట్టిగా ఊదండి."

ఊదాడు. ఏమీ లేదు. ఆమెకు కొంచెం నిరాశగానే అనిపించింది. "కదిలే బండిలో బెల్టు తీసేసి కిటికీలోంచి వేలాడారు. నా కళ్ళారా చూశాను. పెద్దాయన మాత్రం ఎంత నిబ్బరంగా పక్కకి తీశాడు! నేను ఉద్యోగంలో చేరాక ఇంత శుభ్రంగా బండి ఆపినవాణ్ణి చూళ్ళేదు. అన్నట్టు, మీ ఇద్దర్లో పరీక్ష ఎవరికి?"

మేవిస్ క్లారీ కాలరు మీద సర్దుకుని కూర్చుంది.

ఊరికి ఆరు కిలోమీటర్లు. వార్విక్ బండి లోపలికి చూశాడు. సగ్గుబియ్యం స్టీరింగ్ మీద కవాతు చేస్తోంది.

"నేను వెనక తొట్టిలో కూర్చుంటాను," అన్నాడు నీరసంగా.

"తొట్టిలో మనిషిని ఎక్కించుకోవడం నేరం బాబూ," అన్నాడు క్లారీ. "ఇది కూడా పరీక్షలో ప్రశ్నేనా?"

టేగన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వార్విక్ అట్టను పోలీసు కారు మీద పెట్టి కాగితం తిప్పాడు. "లేనివాళ్ళు బండిలో ఉన్నారంటున్నారు" అని తను గీత గీసి మరీ రాసిన వాక్యం కనిపించింది. దాని మీదుగా ఒక పిల్ల సాలీడు నడిచి వెళ్ళింది. అది దాటేదాకా ఆగి, వాక్యం కొట్టేసి, పక్కన "ఉన్నారు" అని రాశాడు. కింద "ఉత్తీర్ణుడు" అని రాసి సంతకం పెట్టి, పోలీసు కారు వెనక సీట్లో కూర్చున్నాడు.

మధ్యాహ్నం డల్సీ క్లారీ ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చింది. టేగన్ ద్వారా ఊరంతా పాకిన కథ ఆమెకూ అందింది. బండి చెట్టు నీడలో ఉంది. మేవిస్ మళ్ళీ పలక వెనక చేరింది. పిల్లలన్నీ ఒక్కొక్కటే దాని చుట్టూ మూగుతున్నాయి.

"ఇదా మేవిస్?" అంది డల్సీ.

"ఇదే," అన్నాడు క్లారీ తల దించుకుని.

"మా మేవిస్ గారి పేరా?"

"పైన కూర్చుని నా డ్రైవింగ్ చూస్తుంటుందని... బెరిల్‌తో సరదాకి అన్నానమ్మాయ్. తప్పే."

డల్సీ చాలాసేపు ఆ ఎనిమిది కళ్ళలోకి చూసింది. "చూపు ఆవిడదే," అని ఒప్పుకుంది చివరికి. తర్వాత గొంతు తగ్గించి, "మా ఇంటికప్పులో పిల్లిలాంటి పాసమ్ ఒకటి ఉంది. పగలంతా పడుకుంటుంది, రాత్రంతా సణుగుతుంది. ఏం పెట్టినా వంక పెడుతుంది. పదేళ్ళ నుంచీ దాని పేరు క్లారీ," అంది.

క్లారీ తలెత్తి ఆమె వంక చూశాడు.

"సరేలే, రేపు గురువారం. పదింటికి బండి తీసుకురా," అంది డల్సీ వెళ్ళబోతూ.

అప్పుడు తట్టింది క్లారీకి. తల్లి పిల్లల్ని వదలదు. పిల్లలు కుబుసం విడిచి, కాస్త పెరిగి, పట్టుదారం వదిలి గాలిలో ఎగిరిపోయేదాకా నెలో, నెలన్నరో. అందాకా ఆ బండి తలుపు తియ్యకూడదు. బెరిల్ నియమం. జేబులో లైసెన్సు ఉంది, నీడలో బండి ఉంది, రెండూ దేనికీ పనికిరావు.

గురువారం డల్సీ తన చిన్న కారు తీసింది. క్లారీ పక్క సీట్లో కూర్చుని, పలక దించకుండా, ఎండకి కళ్ళు చికిలిస్తూ ఆమె డ్రైవింగ్ చూశాడు. పెట్టెలన్నీ అందించారు. ప్రతి గడపలోనూ కస్టర్డ్ ఫిర్యాదు వచ్చింది. క్లారీ ఎప్పటి జవాబే ఇచ్చాడు. చివరికి అతన్ని ఇంటి ముందు దింపి, డల్సీ వెనక సీట్లోంచి మిగిలిన ఒక్క పెట్టె తీసింది. గుండ్రటి అక్షరాల చీటీ ఇంకా దాని మీదే ఉంది.

"నిన్న తొందరపడి రాశాన్లే. వండింది పారేస్తామా? తినెయ్."

క్లారీ చీటీ చింపి జేబులో వేసుకున్నాడు. వరండాలో కూర్చుని మాంసం తిన్నాడు, బంగాళాదుంప తిన్నాడు. కస్టర్డ్ ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. ఆగాడు. ఇంకో చెంచా పెట్టుకున్నాడు.

తర్వాత పళ్ళసెట్టు తీసి, వెలుతురులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. దానిలో లోపమేమీ లేదు.